రష్యా గిన్నెకి తెల్ల పూత

కోవిడ్ రెండో వేవ్ తగ్గిన ఏడాది, వర్షాలు వెనకపట్టాక, నన్ను క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ నుంచి తప్పించి కొత్తగా పెట్టిన రిపేరు సెక్షన్‌కి ఇన్‌ఛార్జిగా వేశారు. మాది భిలాయి ఇండస్ట్రియల్ ఏరియాలో ఎనామిల్ పని చేసే ఓ మోస్తరు ఫ్యాక్టరీ. కెమికల్ కంపెనీల తొట్లకి లోపలి పూత, బోర్డులకి పైపూత వేసేవాళ్ళం. లాక్‌డౌన్లో ఆర్డర్లు పడిపోయేసరికి, వంటింటి పోత ఇనుప గిన్నెల్లో పూత అరిగిపోతే మళ్ళీ వేసిచ్చే పని మొదలుపెడదామని మా మేనేజరుగారు అనుకున్నారు. అప్పటికి నా రిటైర్మెంటుకి ఏడాది కూడా లేదు. పోయే ముందు గిన్నెలు తోమమంటున్నారేమిటని మొదట ఒళ్ళు మండింది.

ఎనామిల్ అంటే చాలామంది రంగు అనుకుంటారు. అది గాజు. గాజుపొడిని నీళ్ళలో కలిపి, గిన్నెమీద చిమ్మి, ఆరబెట్టి, ఎనిమిది వందల డిగ్రీలకి కాస్త లోపుగా కొలిమిలో ఉంచితే కరిగి ఇనుముని పట్టుకుంటుంది. అందుకే అరిగినంత మేర మాత్రమే అతుకు వేస్తామంటే కుదరదు. బజార్లో దొరికే ట్యూబు పూతలు సింకుకి సరే గాని పొయ్యిమీదికి పనికిరావు, వేడికి పొట్టు రేగి కూరలో కలుస్తాయి. గిన్నె ఏళ్ళ తరబడి తాగిన నూనెని ముందు కొలిమిలో కాల్చాలి. తర్వాత గాలి జోరుతో ఇసుక కొట్టి పాత పూత మొత్తం తీసెయ్యాలి. కొత్త పూత ఆ పైన. పోత ఇనుము పెళుసు కాబట్టి, కొలిమి ఎక్కిన ప్రతిసారీ పగిలే భయం ఉంటుంది.

ఇన్‌స్పెక్టరుగా నా చేతిలో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. పూతలో సూదిమొనంత గుంట కనిపించినా ఇంటూ గీసి వెనక్కి పంపేదాన్ని. వెనకాల నన్ను ‘క్రాస్ దీదీ’ అనుకునేవారని తెలుసు. తెలియనట్టు ఊరుకున్నాను గాని, నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు ఇష్టమే.

సెక్షన్‌కి వచ్చిన మొదటి గిన్నెల్లో పైడయ్య చిన్నాన్నది ఒకటి. ఆయన మాకు రక్తసంబంధం కాదు. మా నాన్నా ఆయనా విజయనగరం వైపు నుంచి ఒకే రైల్లో వచ్చి స్టీలు ప్లాంటులో చేరారు, నాన్న మిల్లులో, ఆయన హాస్టలు వంటశాలలో. ఖాళీ వేళల్లో ఓ రష్యా ఇంజనీరు ఇంట్లో కూడా వండేవాడు. వాళ్ళు తమ దేశం వెళ్ళిపోతూ ఇచ్చిన గిన్నె అది. లోపల తెల్ల పూత, మూతతో ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. నా చిన్నప్పుడు అమ్మ రెండు నెలలు ఆస్పత్రిలో ఉంటే సెక్టర్ 7లో మా క్వార్టరుకి రెండు పూటలా అన్నం పంపినది ఈ చిన్నాన్నే. ఆ పప్పుచారు రుచి నాకింకా గుర్తుంది. రిటైరయ్యాక కోహ్కాలో ఇల్లు కట్టుకుని, ఒంటరిగా ఉండే పదకొండు మంది పెన్షనర్లకి మధ్యాహ్నం క్యారేజీలు పంపేవాడు. ఎనభైకి దగ్గరపడినా ఆయనకి వంటే ప్రాణం.

“తెల్లగానే ఎయ్యి పాపా” అన్నాడు గిన్నె బల్లమీద పెట్టి.

ఊరుకుంటే నేను ఇన్‌స్పెక్టర్ని ఎలా అవుతాను? చింతపండు పులుసు తెల్ల పూతని తినేస్తుందనీ, మా దగ్గరున్న నలుపు రకం పులుపుకి ఇంకా బాగా ఆగుతుందనీ, మరకా కనపడదనీ చెప్పాను. తెలుపుకి మూడుసార్లు కొలిమి ఎక్కించాలి, నలుపుకి రెండు చాలు. ఆయన ఓ క్షణం ఏదో అనబోయి, “సదువుకున్నదానివి, నీ ఇట్టం” అన్నాడు. నేను జాబ్ కార్డులో ‘కోరినది తెలుపు, సిఫారసు నలుపు’ అని రాసి సంతకం పెట్టాను. నల్ల పూత అద్దంలా వచ్చింది. ఎంత వెతికినా ఇంటూ గీయడానికి చోటు దొరకలేదు.

ఇచ్చిన నెలకి గిన్నెని ఇంటికెళ్ళి చూసి రావడం నేను పెట్టిన పద్ధతి. పరీక్ష చాలా తేలిక. పూతమీద నిమ్మరసం చుక్క వేసి కాసేపాగి కడగాలి. ఆ చోట పెన్సిలు గీత గీసి తడిగుడ్డతో తుడవాలి. గీత పోతే పూత బాగున్నట్టు, పోకపోతే పులుపు పూతని గరుకు చేసినట్టు. నల్ల పూతకైతే తెల్ల పెన్సిలు వాడతాం. ఆ రోజు నేను పొరపాటున మామూలు పెన్సిలు పట్టుకెళ్ళాను. గీసిన గీత నాకే కనబడలేదు. కళ్ళజోడు సర్దుకుని గిన్నెని కిటికీ దగ్గరికి జరిపి వంగి వెతుకుతుంటే చిన్నాన్న వెనకనుంచి నెమ్మదిగా అడిగాడు.

“నీకూ అగుపడ్లేదేటి పాపా?”

ఆ ‘నీకూ’ దగ్గర నేను ఆగిపోయాను. పొయ్యి పక్కన ఓ తెల్ల సాసరు, దాన్నిండా పులుసు చుక్కలు. ఏమిటని నిలదీస్తే అప్పుడు చెప్పాడు. కోవిడ్ జొరం వచ్చి తగ్గాక ఆయనకి వాసనా తెలియడంలేదు, రుచీ తెలియడంలేదు. ఉప్పూ కారం చెంచాతో కొలిచి వేస్తున్నాడు. మిగతాదంతా రంగు చూసే. ఉల్లిపాయ ఎంత వేగిందీ, పులుసు ఎంత చిక్కబడిందీ, నూనె ఎప్పుడు తేలిందీ అన్నీ తెల్ల గిన్నెలో కంటికి తెలిసిపోయేవి. పూత అరిగి నల్లమచ్చలు పడ్డాకే చూపు ఆనక నా దగ్గరికొచ్చాడు. నేను మచ్చలు పోగొట్టి గిన్నె మొత్తం నలుపు చేసిచ్చాను.

“సాసరులో ఏసి సూసేలోపు అడుగంటేత్తంది” అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, “రుసి తెలీని వంటోడి సేతి కూడు ఎవులు తింటారమ్మా?” అని ఎదురడిగాడు. అప్పటికే మోకాళ్ళ నొప్పులని సాకు చెప్పి, నెలాఖరుతో క్యారేజీలు ఆపేస్తానని అందరికీ చెప్పేశాడట. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు మేనేజరుగారి దగ్గరికెళ్ళి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. చిన్నాన్న రహస్యం చెప్పలేదు, కస్టమరు కోరినది వెయ్యలేదని మాత్రం అన్నాను. కొలిమి వాడుకోమన్నారు, పగిలితే మాత్రం నేనే పూచీ పడాలన్నారు. ఆ సంగతే చిన్నాన్నకి చెప్పాను. “పగిల్తే పగలనీ పాపా. నల్లగున్నంత కాలం నాకది పగిలినట్టే” అన్నాడు.

మళ్ళీ ఇసుక కొట్టాం. అడుగుపూత, దానిమీద తెలుపు, ఆ పైన ఇంకో తెలుపు. మా కొలిమి ఆపరేటరు రామ్‌లాల్ భయ్యాది దగ్గర్లోని ఉతై అనే ఊరు. డిగ్రీలు చూపించే మీటరు కంటే ఆయన కన్ను నమ్మకం. ఆ మూడు రోజులూ గిన్నె చల్లారేదాకా కొలిమి తలుపు దగ్గర నుంచి కదల్లేదు, భోజనం కూడా అక్కడే. మూడోసారి బయటికి తీశాక చూస్తే తెలుపు పాలలా వచ్చింది గాని, అంచు కింద మూడు సూదిగుంటలు. నా చెయ్యి దానంతటదే సుద్దముక్క మీదికి పోయింది. ఇంకో పూత వేద్దామన్నాను. “బస్ కరో దీదీ, అబ్ చఢాయా తో ఫట్ జాయేగా” అన్నాడు రామ్‌లాల్, ఇంకోసారి పెడితే పగిలిపోతుందని.

ముప్పై ఏళ్ళలో ఎన్నడూ చెయ్యని పని అప్పుడు చేశాను. గుంటల్లోకి పులుసు దిగితేనే కదా ఇనుము తుప్పు పట్టేది అనుకుని, చిన్నాన్నకి ఫోన్ చేసి, పులుసు ఎంతవరకు పోస్తావని అడిగాను. సగానికి రెండు వేళ్ళు పైకి అన్నాడు. కొలిచాను. గుంటలు దానికి జానెడు కాకపోయినా నాలుగు వేళ్ళ పైనే ఉన్నాయి. సుద్దముక్క జేబులో వేసుకుని, కార్డు మీద ‘అంచు కింద మూడు గుంటలు, వాడకానికి అడ్డు లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

గిన్నె చేరిన రోజు నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. చేపల పులుసు పెట్టాడు. గిన్నెలోకి వంగి చూస్తూ చూస్తూ ఒక్కసారి, “ఇదిగో, ఇప్పుడు దింపాలి” అన్నాడు. సాసరు ముట్టుకోలేదు. రుచి చూడమని నాకే ఇచ్చాడు. సరిగ్గా ఉందని తలూపాను. నెలాఖరు వచ్చింది, క్యారేజీలు ఆగలేదు. నేను రిటైరయ్యాక వాటికి పన్నెండోది చేరింది, అది నాది.

రామ్‌లాల్ భయ్యాకీ, నా తప్పుని నా మొహం మీద అనని చిన్నాన్నకీ నేను రుణపడి ఉన్నాను. ఆ ఉదంతం నేర్పింది ఇది: పూతలో లోపం వెతకడం నాకు వచ్చు, గిన్నె ఎవరికి ఎందుకు కావాలో అడగడం రాదు. అడగకుండా పెట్టిన సంతకం సగం తనిఖీయే. దిగిపోయే ముందు జాబ్ కార్డులో ఒక గడి కొత్తగా చేర్పించాను. ‘కోరినది’ పక్కనే, ‘ఎందుకు’ అని.