అత్త నేర్పిన మర్దనా

మా అత్త పోయింది. పోయిన వారం, ఊళ్ళో నాట్లు మొదలైన రోజు పొద్దున, కాఫీ తీసుకెళ్ళి లేపితే లేవలేదు. నేను గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాను. ఏడవడానికైనా ఓపిక ఉండాలి కదా. నెలల తరబడి ఆమెను లేపి కూర్చోబెట్టి అలిసిపోయి ఉన్నాను.

ఇరవై ఏళ్ళ కిందట, పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో నేను దొరవారిసత్రం దగ్గరున్న ఈ పల్లెకు కోడలిగా వచ్చాను. పక్క ఊరి బడిలో పంతులమ్మను. రెండో కాన్పు తర్వాత నడుము పట్టేసింది. బోర్డు ముందు నిలబడలేను, బిందె ఎత్తలేను. ‘‘ఇంక ఆ ఉద్యోగం మానెయ్’’ అన్నాడు మా ఆయన, అన్నం తింటూ. నాకూ అదే మేలనిపించింది.

వడ్డిస్తున్న అత్త గరిటె కింద పెట్టింది. ‘‘బడి మానేస్తే నడుం నొప్పి పోద్దంట్రా? ఇంట్లో చాకిరీకి నొప్పి పుట్టదా?’’

ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఆ సాయంత్రం అత్త నువ్వులనూనె వెచ్చజేసుకుని వచ్చి తలుపు మూసింది. రుద్దుతుందనుకుని పక్కకు తిరిగి పడుకున్నాను.

‘‘లెయ్యి మే. నేను రుద్దను’’ అంది. నాకు చివుక్కుమంది. ‘‘ఇంకొకరు రుద్దాలంటే వాళ్ళు ఇంట్లో ఉండాల, వాళ్ళకి తీరికుండాల. ఆడదానికి ఆ రెండూ కలిసి రావు. నీ చేతులు నీకుండాయి గదా.’’

తన నడుము మీదే చూపించింది. తుంటిని రెండు చేతులా పట్టుకుని, బొటనవేళ్ళతో చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు కిందికి రుద్దుకోవాలి. ‘‘ఎముక జోలికి పోబాక. పక్కన కండను పట్టు. నొప్పి తగిలిన చోట ఆగి, ఊపిరి వదులు.’’ తర్వాత మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకుని, పిడికిళ్ళు నడుం కింద పెట్టి, బరువు మెల్లగా వాటి మీదికి వదలాలి. చిన్నప్పటి నుంచీ నాట్లు వేసిన మనిషి. మామ పోయాక ఆమె నడుము సంగతి అడిగినవాళ్ళు లేరు. ఆమె వేళ్ళు తడుముకోకుండా నొప్పి దగ్గరికి పోతుంటే నాకది తెలిసింది.

నా నొప్పి పూర్తిగా ఎప్పుడూ పోలేదు. బడికి మాత్రం వెళ్ళగలిగాను. అప్పట్నుంచి పొయ్యి ఆర్పాక చెరో చాప మీద ఎవరి నడుము వాళ్ళం రుద్దుకునేవాళ్ళం. ఎప్పుడైనా, ‘‘ఈ దేహాన్ని కూడా మనమే మోయాల’’ అని అత్త నవ్వేది.

ఈ వేసవిలో మంచం పట్టాక ఆమె చేతులు వెనక్కి పోవడం మానేశాయి. ‘‘నేను రుద్దుతా అత్తా’’ అంటే, ‘‘అలిసొచ్చినావు, పడుకోపో’’ అనేది. ఆఖరికి ఒక సాయంత్రం నెమ్మదిగా గోడవైపు తిరిగి నాకు వీపు అప్పగించింది. ఎండుకట్టెలా ఉన్న కండ కాసేపటికి మెత్తబడింది.

‘‘ఆడే... ఆడే మే’’ అంది, నా వేళ్ళు నొప్పి ఉన్న చోటికి చేరగానే. అలాగే నిద్రపోయింది.

తీస్తే లేస్తుందేమోనని చెయ్యి అక్కడే ఉంచి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. సన్నగా వాన. వేరుశనగ చేలో కలుపు తీసిన ఆడవాళ్ళు గట్టు మీద వరసగా వస్తున్నారు, ఒక చేత్తో అన్నం గిన్నె పట్టుకుని, రెండో చెయ్యి నడుముకు ఆనించుకుని.