గంధం పూసిన హబ్బు

ఆ రోజుల్లో భయపడటానికి నాకు పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. మేనేజరు ఫోను చేస్తే భయం, చేయకపోతే ఇంకా భయం. బెంగుళూరు కంపెనీలో కొత్తగా చేరి, తిరుపతిలో మా మేడమీది గదిలోంచే పని చేసేవాణ్ణి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. కంపెనీవాళ్లు ఇచ్చిన లాప్‌టాప్ అప్పడమంత పల్చన. వైరు గుచ్చడానికి దానికున్నది ఒకటే రంధ్రం. మౌసు కావాలంటే ఛార్జరు పీకాలి, హెడ్‌సెట్టు కావాలంటే మౌసు పీకాలి. పీకిన వైర్లన్నీ బల్లమీదే చిక్కుపడి ఉండేవి. నాయన గడపలో నిలబడి, "ఇది బల్లనా, కరెంటాఫీసా?" అనేవాడు. చివరికి ఒక యూఎస్‌బీ హబ్బు కొన్నాను. వైర్లన్నీ బల్ల వెనకగా ఆ నల్లడబ్బాలోకి దూరిపోయాయి, లాప్‌టాప్‌కి ఒక్కటే వైరు మిగిలింది. అమ్మ ఆశ్చర్యంగా చూసి, "అంటే అన్నీ దీంట్లో నించే పోవల్లనా?" అంది. "ఇది లేకపోతే నా ఉద్యోగమే లేదమ్మా" అన్నాను, గొప్పకి పోయి. (నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు.)

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మా వైపు పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పొద్దున మళ్లీ హారతిచ్చేదాకా ముట్టుకోరు. ఆ రోజు నాయన స్కూటరు వదిలేసి బజారుకు నడిచే పోతాడు. నాకేమో ఆ మధ్యాహ్నమే విదేశీ కస్టమర్లతో మీటింగు, మాట్లాడాల్సింది నేనే. అది చెడితే ఉద్యోగం ఊడుతుందని మేనేజరు నవ్వుతూనే చెప్పాడు (ఆ నవ్వే నన్ను నిద్రపోనివ్వలేదు). కుంకుమ పడుతుందని ముందుచూపుతో లాప్‌టాప్‌ను బీరువాలో దాచి, తలస్నానానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి వైర్లు మాత్రమే ఉన్నాయి, హబ్బు లేదు. కిందికి పరుగెత్తితే, దేవుడి ముందు నాయన స్పానర్లకీ అక్క కత్తెరకీ మధ్య, మల్లెపూలు చుట్టుకుని కూర్చునుంది నా హబ్బు. ఒక్కో రంధ్రం నిండా గంధం, పైన కుంకుమ బొట్టు!

"అమ్మా, ఇంకాసేపట్లో మీటింగు! అది కావాల!"

"ముట్టుకోవాకు! రేపు పొద్దున దాకా తీయగూడదు."

"నా ఉద్యోగం పోతాదమ్మా!"

ఆ మాటకి అమ్మ మొహం పాలిపోయింది. "పోగూడదనే గదరా ఆడ పెట్టినాను. అది లేకపోతే ఉద్యోగమే లేదంటివి గదా. ఆ పొద్దు నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో భయపడుతున్నది నేనొక్కణ్ణే అనుకున్నానింతకాలం. ఇక ఆ డబ్బా మీద చెయ్యి వేయలేకపోయాను.

ఛార్జింగు అడుగంటిన లాప్‌టాప్‌కి ఛార్జరు నేరుగా గుచ్చి, ఇంకో రంధ్రం లేదు గనక హెడ్‌సెట్టు లేకుండా కూర్చున్నాను. ఇంట్లో ఈగ వాలినా లాప్‌టాప్ మైకులోంచి సముద్రాల అవతలికి వినబడుతుంది. మొదలుపెట్టాను. కింద మిక్సీ ఆగింది, టీవీ ఆగింది. వీధిలో దిష్టి గుమ్మడికాయ కొట్టబోతున్న పక్కింటాయనతో అమ్మ గుసగుసగా, "కొంచేపు ఆగప్పా, మావాడు దొరల్తో మాట్లాడతాండాడు" అనడం కిటికీలోంచి వినబడింది. ఆయన పాపం, గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని అలాగే నిలబడ్డాడట. నేనేం మాట్లాడానో నాకిప్పటికీ తెలియదు. అయిపోయాక మేనేజరు "పర్లేదు" అన్నాడు. ఆ ఒక్క ముక్కా అమ్మకి చెప్పడానికి మెట్లు దిగి పరుగెత్తాను.

కొన్నాళ్లకి ఉద్యోగం పర్మనెంటయింది. ఆ మేనేజరు ఇప్పుడు నన్ను సలహా అడుగుతాడు, నేనూ కాలు మీద కాలేసుకుని చెబుతాను. ఆనాటి భయం తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఇంటికెవరొచ్చినా అమ్మ, "ఆ డబ్బాకు పూజ చేసినందుకే మావాని ఉద్యోగం నిలబడింది" అని చెబుతుంటే మాత్రం తలొంచుకుని కాఫీ తాగుతాను. గంధం ఎండి బిగుసుకుపోయిన ఆ హబ్బు మర్నాటి నుంచి ఒక్క రోజు కూడా పని చేయలేదని అమ్మతో చెప్పడానికి నాకింకా భయమే.