ఆ రిథమ్ పెట్టెను ఏడిపించింది నేనే

మీ పగ తీర్చుకోవడానికి ఏ పాపమూ తెలియని ఒక ఆడమనిషిని నలుగురిలో నిలబెట్టారా మీరు ఎప్పుడైనా? నేను నిలబెట్టాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ సంగతి నా గొంతుకు అడ్డం పడి అలాగే ఉంది. దాన్ని అక్కడ ఉంచుకునే సభల్లో మాట్లాడాను. వాదాలు గెలిచాను. ప్రశ్నించండి, రుజువు అడగండి అని ఊరూరా చెప్పాను. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

మీకు చెబుతున్నాను. మీకే ఎందుకు? మీరు నా ఎదుట లేరు కాబట్టి.

అప్పట్లో నాకు పుత్తూరులో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే అంగడి ఉండేది. సెలవు రోజుల్లో హేతువాద సభలకు వెళ్ళేవాణ్ణి. మా వైపు పెళ్ళిళ్ళకూ జాతరలకూ పాటల ట్రూపు నడిపేవాడు దొరస్వామి. పాటకూ పాటకూ మధ్య మైకు పట్టుకుని జనాన్ని నవ్వించడంలో అతన్ని మించినవాడు లేడు. మా నాయన చనిపోయినప్పుడు నేను కర్మకాండ చేయలేదు. వద్దని ఆయనే చెప్పాడు. నెల తిరగకముందే ఒక పెళ్ళిలో నేను బంతిలో కూర్చుని ఉండగా దొరస్వామి మైకులో నన్ను పిలిచాడు.

"ఏమప్పా రేడియో మేస్త్రీ, మీ నాయన యాడుండాడో తెల్సునా నీకు? నీ అంగడి మెట్ల మీదే కూసోనుండాడు. పిండం పెట్టలేదు గదా, పొయ్యేదానికి దోవ లేదు. అబ్బోడా, గుక్కెడు నీళ్ళు పొయ్యరా అని అడగతానే ఉండాడు. నీకు సిగ్నలు దొరకలేదా?"

పందిరంతా నవ్వింది. నా పక్కనున్న చిన్నాయన కూడా నవ్వాడు. చివరి పది రోజులూ మా నాయనకు నీళ్ళు గొంతు దిగలేదు. తడిగుడ్డతో ఆయన పెదాలు తడిపింది నేను. అది ఊరికి తెలుసు. దొరస్వామికీ తెలుసు. తెలిసే అన్నాడు.

ఆ నవ్వును నేను క్షమించలేదు. ఈ మాటలు రాస్తున్నది అతన్ని క్షమించడానికి కాదు, అది ముందే చెబుతున్నాను.

రెండు నెలల తర్వాత అతని రిథమ్ పెట్టె నా బల్ల మీదికి వచ్చింది. తెచ్చింది కస్తూరి. నగరిలో నేతపని వాళ్ళ అమ్మాయి, ట్రూపులో పాడుతుంది, ఆ పెట్టె మీటలు నొక్కేదీ ఆమే. పెట్టెను తువ్వాల్లో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. చెక్క పెట్టె, పాత జపాను సరుకు, చెన్నైలో ఎవరో వాడి వదిలేసింది. మీట నొక్కితే డ్రమ్ము, తాళం, కాంగో డ్రమ్ము, అన్నీ లోపలి సర్క్యూట్లోనే పుట్టి వాటంతట అవే వాయిస్తాయి. చుట్టుపక్కల దాన్ని విప్పడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే నా దగ్గరికి పంపాడు, సిగ్గు లేకుండా.

చెడింది ఒక స్విచ్చు మాత్రమే. పావుగంట పని. ఆ తర్వాత మూడు రోజులు పగతో పనిచేశాను.

కాంగో శబ్దం పుట్టే చోట ఒక రెసిస్టర్ మారిస్తే, దెబ్బ పడ్డాక మోత ఎంతసేపు నిలవాలో అది మారుతుంది. మరీ పెంచితే మోత ఆగనే ఆగదు. దెబ్బ కాస్తా మూలుగవుతుంది. సరిగ్గా ఆ అంచుదాకా తెచ్చి వదిలాను. చల్లగా ఉన్నంతసేపు మామూలు కాంగో. గంటసేపు నడిచి లోపల వేడెక్కితే అంచు దాటుతుంది. కెపాసిటర్లు మార్చి మార్చి గొంతు కుదిర్చాను. నాకు నీళ్ళడిగే ముసలివాడి గొంతు కావాలి. దొరికేదాకా వదల్లేదు. మార్చిన ప్రతి అతుకు మీదా ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టడం నా అలవాటు, నా పనిని నేను గుర్తుపట్టడానికి. పాడుచేసే పనిలో కూడా నా చెయ్యి ఆ అలవాటు మానలేదు. రెండు చుక్కలు పెట్టి మూత బిగించాను.

ఆ వారమే వడమాలపేట దగ్గర ఒక ఊళ్ళో గంగమ్మ జాతర. ఎండ ఇంకా తగ్గకముందే పాటలు మొదలయ్యాయి. నేను వెళ్ళి ముందు వరసలో నిలబడ్డాను. గంట దాటింది. ఒక అమ్మవారి పాట మధ్యలో కాంగో సాగింది. సాగి, మూలిగింది. కస్తూరి మీట ఆపింది. తాళం ఆగింది, మూలుగు ఆగలేదు. నాలుగు పెద్ద స్పీకర్లలోంచి జాతరంతా నిండింది. నేను దొరస్వామి మొహమే చూస్తున్నాను. రక్తం లేదు అందులో. ఆ ఒక్క క్షణం ఎంత తీపిగా ఉందో ఇప్పుడు కూడా చెప్పగలను. దాచను.

ఎవరో వైరు పీకారు. దొరస్వామి తేరుకున్నాడు. అలాంటివాడు తేరుకోకుండా ఎలా ఉంటాడు?

"అమ్మ పలికిండాది! ఎవురో ముట్టుతో స్టేజీ ఎక్కిండారు, అమ్మ ఓర్సుకోలేదు!"

స్టేజీ మీద ఉన్న ఆడమనిషి ఒక్కతే. అందరూ ఆమె వైపు తిరిగారు. కస్తూరి "లేదన్నా, లేదన్నా" అంటూనే ఉంది. ఎవరో బిందెడు పసుపు నీళ్ళు తెచ్చి ఆమె నెత్తిన పోశారు. తడిసిన చీర కుచ్చిళ్ళు పట్టుకుని మెట్లు దిగి నా ముందు నుంచే వెళ్ళింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర.

నేను ఎందుకు నోరు తెరవలేదు? జనం కొడతారనా? అది చిన్న భయం. నా పగ బయటపడుతుందనా? అవును. కానీ ఇంకొకటి ఉంది, అది చెప్పడానికే ఇంత కాలం పట్టింది: ఆమె వెళ్ళిపోతుండగానే నా తలలో ఒక వ్యాసం మొదలైంది.

వారం లోపల రాసేశాను. ‘యంత్రానికి మైల అంటుతుందా?’ చిన్న పత్రికలో వచ్చింది. వేడికి లోపలి భాగాల గుణం మారి ఉండవచ్చు అని రాశాను. ఉండవచ్చు! నా చేత్తో నేను చేసినదాన్ని శాస్త్రీయమైన ఊహలా రాశాను. చప్పట్లు కొట్టారు. సభల్లో చదివించారు. నన్ను పెద్దవాణ్ణి చేసింది ఆ వ్యాసమే.

కస్తూరి అంగడికి వచ్చింది.

"అన్నా, మీరు రాసింది మా వీధిలో సదివి సెప్పినారు. బాగుండాది. ఆ పెట్టె దొరస్వామన్న ఇంట్లోనే ఉండాది. మీరొచ్చి నలుగురి ముందర విప్పి సూపించండన్నా. చెడిపోయిండాదని ఒక్క మాట సెప్పండి, సాలు."

విప్పితే చెడిన స్విచ్చు దగ్గర కాదు, కాంగో దగ్గర ఎర్ర చుక్కలు. ఆ చుక్కలు ఎవరివో పుత్తూరులో అందరికీ తెలుసు.

"నమ్మేవాళ్ళు విప్పి సూపించినా నమ్మరమ్మా," అన్నాను. వాదాల్లో నేను తరచూ వాడే మాటే.

"వాళ్ళు నమ్మకపోతే పోనీన్నా. నేను నమ్మాల గదా. నాకే అనుమానంగా ఉండాది, ఆ పొద్దు తేదీ తప్పుగా లెక్కేసుకున్నానేమో అని."

"సూస్తాం లేమ్మా," అన్నాను. నా బల్ల మీదున్న రేడియో వైపు తిరిగాను. ఆమె వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏ ట్రూపూ ఆమెను పిలవలేదు. నగరిలో మరమగ్గాల పనికి పోతోందని విన్నాను.

దొరస్వామికి ఏమీ కాలేదు. అమ్మ పలికిన ట్రూపు అని పేరు వచ్చి ఇంకా పెద్దవాడయ్యాడు. ఈ మధ్యనే సుఖంగా మంచం మీద పోయాడు, ఆ రోజు అతన్ని భయపెట్టింది ఎవరో తెలియకుండానే. తెలియకుండా పోయినందుకు ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతోంది. చూశారా, ఇంత జరిగాక కూడా నాకు ముందు గుర్తొచ్చే బాధ అదే. అతను దెయ్యం ఉందని నమ్మి చెప్పాడేమో. నేను లేదని తెలిసి ఒకదాన్ని తయారుచేశాను. మా ఇద్దరిలో మూఢత్వాన్ని పెంచింది ఎవరు? ఈ ప్రశ్న ఏ సభలోనూ నేను వేయలేదు.

రాశాక కొంచెం తేలిగ్గా ఉంది. ఈ తేలిక నాది కాదని, ఆమెకు దక్కాల్సిందని తెలుసు. ఈ కాగితం కింద పేరు పెట్టడానికి మాత్రం ఇప్పుడు కూడా చెయ్యి రావడం లేదు. కానీ ఆ వ్యాసం కింద నా పేరు అచ్చులో ఉంది. మీలో ఎవరో ఒకరి దగ్గర ఆ పాత సంచిక ఉండే ఉంటుంది. వెతకండి. తీసుకుని నగరికి వెళ్ళండి. కస్తూరి ఎక్కడుందో మగ్గాల వీధిలో అడగండి. ఆ రోజు నీ తేదీ తప్పలేదమ్మా అని ఆమెకు చెప్పండి. చెప్పి, ఆ వ్యాసం కింద ఉన్న పేరు వీధంతా వినపడేలా గట్టిగా చదవండి.