పగోడా కింద బేరం

రంగూన్ ఫొటోగ్రాఫర్‌తో బేరమాడి, పైసా పోకుండా బయటపడ్డ కరీంనగర్ పిల్లను నేను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మాకు బట్టల దుకాణం. రంగూన్‌లో వ్యాపారం చేసే చిన్నాయనను చూడడానికి వెళుతూ బాపు నన్నూ తీసుకెళ్లాడు. తిరుగు ఓడ ఎక్కే రోజు పొద్దున బంగారు పగోడా చూపించాడు. మెట్ల మీద మాటిమాటికీ ఆగి దగ్గుతుంటే, నాకోసమే ఆగుతున్నాడనుకున్నాను.

కిందికి రాగానే ఒక ఫొటోగ్రాఫర్ ధర చెప్పాడు.

“ఇద్దరం దిగుదాం బిడ్డా,” అన్నాడు బాపు.

“గంతనా? నడువు బాపు, ఎనుకకు సూడకు. గాయ్‌నే పిలిచి సగానికిస్తడు.”

“నాకే నేర్పుతున్నవా?” బాపు నవ్వాడు.

మా దుకాణంలో గిరాకీలు అలాగే లేచి వెళ్లేవాళ్లు, బాపు అలాగే వెనక్కి పిలిచేవాడు. ఇక్కడ మాత్రం ఎవరూ పిలవలేదు. బాపు రెండుసార్లు వెనక్కి చూశాడు. నేను చెయ్యి పట్టి లాక్కెళ్లాను.

మూడు నెలలకు బాపు పోయాడు. తాను ఇక బతకనని తెలిసే, రంగూన్‌లోని తన తమ్ముణ్ణి చివరిసారి చూసుకోవడానికి వెళ్లాడని అవ్వ తరువాత చెప్పింది.

ఇవాళ పెత్రమాస. పెద్దలకు పెట్టుకునే ఈ రోజున అందరిళ్లలో ఫొటోలకు దండలు వేశారు. మా పీట మీద బాపు బట్ట కొలిచిన గజం కట్టె ఉంది, దానికే దండ వేశాను.

ఆనాడు ఫొటో ఖర్చు మొత్తం మిగిల్చాను. బాపు ముఖం మాత్రం ఇప్పుడు నాకు గుర్తు లేదు.