మోరీ గోడ మీద గడ్డి మోపు

మాది కుప్పం. అక్కడ వీధికో భాష. మా ఊరి దయ్యాలకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చని మా నాన్న ఎగతాళి చేసేవాడు. ఆయన పెంపకంలో నాకూ ఆ నమ్మకాలు అంటలేదు. నర్సు ఉద్యోగంలో శవాల గదికి ఒక్కదాన్నే వెళ్లొచ్చేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది కూడా దయ్యం కథ అని నేననను. ఏమనాలో తెలియకే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

డెబ్బైల చివర్లో మదనపల్లె దగ్గర ఒక ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. క్షయ రోగులు చాలామంది దూరాభారం వల్ల మందు మధ్యలో మానేసేవాళ్లు. వాళ్లు రాలేకపోతే మనమే పోదామని ఆసుపత్రి ఊళ్లకు జీపు పంపడం మొదలుపెట్టింది. వారానికోసారి మాత్రలు, రాగిపిండి, పాలపొడి వేసుకుని బయల్దేరేవాళ్లం. మరీ లేనివాళ్లకు ఎర్రంచున్న బూడిదరంగు రగ్గు ఒకటి ఇచ్చేవాళ్లం. అందరికీ ఒకే రకం. ఆ రగ్గు కనిపించిందంటే ఆ ఇంట్లో టీబీ ఉందని ఊరంతా తెలిసిపోయేది. చలికి పనికొస్తుందని ఇచ్చామే గానీ ఆ సంగతి మాకు తట్టలేదు.

పుంగనూరు దారిలో రెడ్డెమ్మ అని ఒక రోగి ఉండేది. వానల్లేక వేరుశనగ చేను ఎండిపోతే, రెండు ఆవుల పాలు ఇరుగుపొరుగుకు పోసి ఇల్లు నడిపేది. జబ్బు సంగతి తెలిస్తే తన చేతి పాలు ఎవరూ ముట్టరని ఆమె భయం. మందు వేసుకుంటున్నావు, పాలు కాచుకుని తాగితే ఎవరికీ ఏమీ కాదని డాక్టరు చెప్పాడు. ఆమె నమ్మింది. ఊరు నమ్మొద్దూ? "పాలు పోసేదానికి పాలపొడి ఇస్తాండారే" అని నవ్వేది.

జీపు ఊళ్లోకి తేవద్దని మొదటిరోజే చెప్పింది. వాళ్ల ఊరు రోడ్డుకు మైలు పైనే లోపల, గుట్ట వెనకాల. రోడ్డు మీద వాననీళ్లు కిందుగా పోయే మోరీ ఒకటి, దానికి మోకాలెత్తు గోడ.

"గడ్డి కోసేదానికి వచ్చినట్టు మోరీ కాడికి వస్తానమ్మా. మోపు గోడ మింద ఉంటే ఆపండి. లేదంటే మా వూరోళ్లు ఎవురో ఆడ ఉండారని. అప్పుడు నన్ను సూసినా సూడనట్టే పోండి" అంది. చేతిలో చెయ్యి కూడా వేయించుకుంది.

కొన్ని నెలలు బాగానే జరిగింది. దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది. తర్వాత వరసగా రెండు వారాలు గోడ మీద మోపు లేదు, ఆమే లేదు. మందు తప్పినవాళ్ల ఇంటికి వెళ్లి చూడాలన్నది మా పద్ధతి. పెద్ద డాక్టరు అదే అన్నాడు. నేనే అడ్డం పడ్డాను. మాటిచ్చాను సార్, జీపు ఇంటి ముందు ఆగితే ఆమె పాలు ఆగిపోతాయి అన్నాను. మాట తప్పని మనిషినని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

మూడో వారం, ఎండ బాగా ఎక్కిన వేళ, మోరీ పక్కన రెడ్డెమ్మ నిలబడి కనిపించింది. ఒక చెయ్యి గోడకు ఆనించి మా వైపే చూస్తోంది. ఎర్రంచు రగ్గు భుజాల మీదుగా కప్పుకుంది. గోడ మీద మోపు లేదు.

డ్రైవరు ఖాదర్ జీపు నెమ్మది చేశాడు. "ఎండలో రగ్గు కప్పుకోనుండాది, జరమేమో. ఆపాల్నా సిస్టరమ్మా?"

"మోపు లేదు, పోనీ" అన్నాను. మొహం అటు తిప్పుకున్నాను కూడా. ఊరివాళ్లు ఎవరో గుట్ట దగ్గర ఉండి ఉంటారనుకున్నాను.

కొంత దూరం పోయాక గానీ నాకు రగ్గు సంగతి గుర్తుకురాలేదు. ఊరికి భయపడే మనిషి ఆ రగ్గు కప్పుకుని రోడ్డు మీదికెలా వచ్చింది? అప్పుడైనా జీపు తిప్పమనాల్సింది. ముందున్న ఊళ్లలో జనం కాచుకుని ఉంటారని తిప్పమనలేదు.

సాయంత్రం తిరుగుదారిలో మోరీ దగ్గర దిగాను. ఎవరూ లేరు. మనసు ఊరుకోక ఊళ్లోకి నడిచాను. రెడ్డెమ్మ ఇంటి ముందు జనం ఉన్నారు. వసారాలో ఆమెను పడుకోబెట్టి ఉంచారు. మధ్యాహ్నం నెత్తురు కక్కుకుని పోయిందట. ఒంటి మీద ఎర్రంచు రగ్గు.

నేను ఆమె అత్తను, పొద్దున రోడ్డు దగ్గరికి ఎందుకు రానిచ్చారని అడిగాను. ముసలామె నన్ను ఎగాదిగా చూసింది.

"యాడికొస్తాదమ్మా? మంచం దిగక పదైదు దినాలాయ. నేను పక్కనుంచి కదల్లేదు. ఆ రగ్గు ఎవురికంటా పడకుండా అటక మింద దాపెట్టింది. ఈ పొద్దే చలేస్తాందని దింపించుకునె." రగ్గు అంచు సర్ది మళ్లీ అంది. "ఎండెక్కినాక కండ్లు మూసుకోనే ఏందో అనింది. సిస్టరమ్మ సూసింది, మోపు లేదని సూడనట్టే పొయ్యింది అని. సిస్టరమ్మ అంటే నువ్వేనా?"

అవునన్నట్టు తల ఊపాను. ఆ మోపు సంగతి రెడ్డెమ్మకు తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. గుట్ట అవతల జీపు చప్పుడు ఆ ఇంటిదాకా వినిపించదు.

నేను లేవబోతుంటే పక్కింటామె కళ్లు తుడుచుకుంటూ అంది. "ఆయమ్మ జబ్బు మాకు తెలవదా సిస్టరమ్మా? దగ్గితే ఇనపడదా? పాలు కాంచుకోనే కదా తాగేది. పాపం, దాపెట్టుకుంటాంది కదా అని మేమూ తెలవనట్టే ఉంటిమి."

రోడ్డుదాకా ఎలా నడిచానో నాకు గుర్తులేదు. జీపులో ఏడ్చాను.

తర్వాత ఎన్నో ఏళ్లు ఆ దారిన తిరిగాం. నేను చెప్పకపోయినా ఖాదర్ ప్రతిసారీ ఆ మోరీ దగ్గర జీపు ఆపేవాడు. కాసేపు చూసి పోయేవాళ్లం.

మంచం దిగలేని మనిషి అక్కడ ఎలా నిలబడిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎండకు కళ్లు భ్రమించాయనుకుందామంటే ఇద్దరికీ ఒకే భ్రమ ఎలా కలుగుతుంది? పైగా ఆ రగ్గు. అది దయ్యమేలే, ఆగినా ఏం చేయగలిగేదానివి అని ఈ మధ్య మా చెల్లెలు ఓదార్చబోయింది. కావచ్చు. కానీ ఆ పొద్దు నేను దయ్యం అనుకుని జీపు పోనివ్వలేదు. రెడ్డెమ్మే అనుకుని పోనిచ్చాను.