సమీరాను ఏ తరగతిలో వేయాలి?

2023 జనవరి ఆఖరు. సిడ్నీలో పెండిల్ హిల్ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. కొత్తగా వచ్చే పిల్లల్ని ఏ తరగతిలో చేర్చాలో తేల్చడానికి ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టే పని కూడా నాదే.

ఆ ఏడాది టెక్సస్ నుంచి సమీరా వచ్చింది. వాళ్ల నాన్న రఫీ గారిది నంద్యాల. ఉద్యోగం మారి కుటుంబంతో ఇక్కడికి వచ్చారు. అక్కడ బడి ఆగస్టులో తెరుస్తారు, మాకు జనవరి చివర్లో. పదో తరగతి సగంలో ఉండగా ఆ పిల్ల బయల్దేరింది. ఇక్కడ పదిలో వేస్తే సగం ఏడాది వెనక్కి పోతుంది, పదకొండులో వేస్తే సగం ఏడాది దూకాలి.

"పదకొండులోనే వేయండి మేడమ్. ఫ్రెండ్స్‌ని వదిలొచ్చి అసలే డల్‌గా ఉంది. చిన్న క్లాసంటే ఇంకా కుంగిపోతుంది," అన్నారు రఫీ గారు.

"టెస్ట్ చూసి చెప్తానండీ," అన్నాను.

ఆల్జీబ్రా అంతా అందంగా చేసింది. స్టాటిస్టిక్స్ దాదాపు ఖాళీ. ఒక ప్రశ్నలో సిడ్నీ వేసవి ఉష్ణోగ్రతలిచ్చి, ఏం తెలుస్తోందని అడిగాం. 'ముప్పై ఎనిమిది డిగ్రీలు. ఈ ఊళ్లో కోటు లేకుండా బతకలేం' అని రాసింది. అమెరికా పిల్ల, ఫారన్‌హీట్ లెక్క! అందులో ముప్పై ఎనిమిదంటే వణికించే చలి. చూపిస్తే తనే పకపకా నవ్వింది.

"మిగతావి ఎందుకు వదిలేశావమ్మా?"

"వుయ్ హావెంట్ డన్ దట్ యెట్, మిస్. వన్ ఇయర్ ఓన్లీ ఆల్జీబ్రా, వన్ ఇయర్ ఓన్లీ జామెట్రీ."

మేమైతే అన్నీ కలిపి ఏటా కొంత కొంత చెబుతాం. ఈ పిల్లకు రాక కాదు, ఇంకా ఎవరూ చెప్పక.

బోర్డు మీద ఒక వర్గ సమీకరణం చేయమన్నాను. చేసి ఊరుకోలేదు. ఇటు తిరిగి, ఎదురుగా క్లాసంతా ఉన్నట్టు ఒక్కో మెట్టూ వివరించింది. వాళ్ల బడిలో అలా నిలబడి చెప్పడానికీ మార్కులుండేవట.

పదకొండులోనే వేశాను. టర్మ్ చివరి పరీక్ష తప్పితే మాత్రం పదికి వెళ్లాలన్నాను. రోజూ లంచ్ టైములో నా గదిలో లిన్ పక్కన కూర్చోబెట్టాను. లిన్ అదే క్లాసులో చదివే వియత్నాం కుటుంబపు పిల్ల. స్టాటిస్టిక్స్‌లో దిట్ట, క్లాసులో మాత్రం నోరు విప్పదు. లిన్ లెక్క చేసి చూపిస్తే, సమీరా ప్రతిదానికీ "వై?" అనేది. లిన్‌కి మాట్లాడక తప్పేది కాదు. కొన్ని వారాలకి ఆ గదిలో లిన్ గొంతే ఎక్కువ వినిపించసాగింది.

సమీరా పరీక్ష గట్టెక్కింది. తర్వాతి టర్మ్‌లో ఒకరోజు, ఈ లెక్క ఎవరు చెబుతారని క్లాసులో అడిగితే లిన్ లేచి బోర్డు దగ్గరికి వచ్చింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది సమీరాయే.

రఫీ గారు మా స్టాఫ్‌రూమ్ మొత్తానికి బిర్యానీ తెచ్చి, "ఇంతకీ అమెరికా చదువు బెటరా మేడమ్, ఇక్కడిదా?" అని అడిగారు.

"తెలీదండీ," అన్నాను, నిజంగానే. కొత్తగా వచ్చిన పిల్లలకు మా క్లాసులో ఏం తక్కువ పడుతుందో చూడటమే నా పని అనుకునేదాన్ని. ఇప్పుడు, వాళ్లు రాకముందు మా క్లాసుకే ఏం తక్కువైందో కూడా చూస్తున్నాను.