మందారం విచ్చుకునే పేజీ

డిగ్రీ అయ్యాక రాజమండ్రిలో వెబ్ పేజీలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. మెయిన్ రోడ్డులో చెప్పుల కొట్టు పైన ఒకే గది, రెండు కంప్యూటర్లు. ఒకటి ఓనరు గారిది. రెండో దాని ముందు నేనూ, మండపేట నుంచి రోజూ బస్సులో వచ్చే మరో అమ్మాయీ పక్కపక్కనే కూర్చునేవాళ్లం. బొమ్మలు ఆమె వేసేది, కోడ్ నేను రాసేదాన్ని.

ఒకసారి కడియంలో నర్సరీ నడిపే ఒకాయన వెబ్‌సైట్ కావాలని వచ్చారు. మొక్కల ఫొటోలు పెట్టి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆమెకు ఓ ఆలోచన వచ్చింది.

"మౌస్ బాణం గుర్తు తగలగానే మొగ్గ విచ్చుకుంటే ఎలా ఉంటుందే?" అంది.

మందార మొగ్గ దగ్గర్నుంచి పూర్తిగా విచ్చిన పువ్వు దాకా వరసగా బొమ్మలు వేసింది. వాటిని ఒకదాని తర్వాత ఒకటి మార్చే కోడ్ నేను రాశాను. మొదటిసారి నడిపిస్తే పువ్వు టపాకాయలా పేలింది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

"ఇంకా నెమ్మదిగా. మొదట్లో కాస్త బద్ధకించాలి, నిద్రలేస్తున్నట్టు."

బొమ్మకీ బొమ్మకీ మధ్య ఎడం పెంచాను.

"ఎక్కువైంది. జ్వరమొచ్చినదానిలా ఉంది."

మళ్లీ మార్చాను. మధ్యాహ్నమంతా అదే పని. కరెంటు పోతే వరండాలో నిలబడి దాని గురించే మాట్లాడుకున్నాం. చివరికి ఓసారి నడిపిస్తే ఆమె నా చేయి పట్టుకుని గట్టిగా నొక్కింది. అంత సంతోషంగా నేను పనిచేసింది ఆ రోజుల్లోనే.

నర్సరీ ఆయన చూసి, "బాగానే ఉందమ్మా. కొనేవాళ్లకి ఈ ఆటలెందుకు? ఫోన్ నంబరు కనబడితే చాలు కదా," అన్నారు.

"ఒక్కసారి మౌస్ మీరే పట్టుకోండి," అందామె.

ఆయన మొహమాటంగా పట్టుకున్నారు. బాణం తగిలింది, పువ్వు విచ్చుకుంది. పక్కకు జరిపితే ముడుచుకుంది. మళ్లీ తగిలించారు. ఫోన్ నంబరు సంగతి ఇక ఎత్తలేదు. మర్నాడు వాళ్లావిడను వెంటబెట్టుకుని వచ్చారు.

"ముట్టుకుంటే అత్తిపత్తి ముడుచుకుంటుంది. ఇదేంటండీ, విచ్చుకుంటోంది," అని ఆవిడ మురిసిపోయారు.

మిగతా పూలకూ అలాగే చెయ్యమన్నారు. తామర బొమ్మలు సగంలో ఉండగా ఆమెకు పెళ్లి కుదిరింది. భర్త ఉద్యోగం భిలాయ్‌లో. వెళ్లేముందు, "మిగతావి నువ్వు వేసెయ్యవే," అంది. ప్రయత్నించాను. నా రేకులు ఆమె రేకుల పక్కన అట్టముక్కల్లా ఉన్నాయి. చివరికి తామర చోట ఫొటో పెట్టేశాను.

కొన్నాళ్లు మెయిళ్లు రాసుకున్నాం. తర్వాత ఆమె నుంచి రావడం ఆగిపోయింది. నేను హైదరాబాద్ వచ్చి ఇదే పనిలో స్థిరపడ్డాను. నొక్కితే గెంతే బటన్లు, తాకితే వంగే బొమ్మలు ఎన్నో చేశాను. అందరూ బాగుందనేవాళ్లే. జ్వరమొచ్చినదానిలా ఉందని చెప్పేవాళ్లు మాత్రం దొరకలేదు. ఓసారి ఉండబట్టలేక ఆ నర్సరీ పేజీ వెతికాను. దాని చోట ఇంకెవరో చేసిన కొత్త పేజీ ఉంది.

కొన్నేళ్లకు అన్నవరం కొండమీద, వ్రతాల మండపం బయట ఆమె ఎదురైంది. పక్కన అత్తగారు, చంకలో బాబు.

"బాగున్నారా అండి?" అంది.

"బొమ్మలు వేస్తున్నావా?" అని అడిగాను.

"ఎక్కడండీ, వీడితోనే సరిపోతుంది. మీరు ఆ పనిలోనే ఉన్నారా?"

"ఆ, అదే."

లోపల వ్రతానికి కూర్చోమని పిలిచారు. "వస్తానండి," అని బాబును సర్దుకుని వెళ్లిపోయింది.

అత్తగారు పక్కనున్నారు కాబట్టే నన్ను "అండీ" అని పిలిచిందనుకుంటాను. ఒక్కతే ఉండుంటే "ఏమే" అనేదేమో.